కోడ్ జనరేటర్‌లో పేర్ల కేస్ మార్పిడి: వెనక్కి తెస్తే అసలు పేరు రావడం లేదు

ప్రశ్న

నమస్కారం. వ్యవసాయ సర్వేల సమాచారాన్ని అందుకునే ఒక సేవ కోసం, జేసన్ స్కీమాను చదివి గో, జావా, పైథాన్ భాషలలో డేటా టైపులను తయారుచేసే కోడ్ జనరేటర్‌ను రాస్తున్నాను. స్కీమాలోని పేర్లు ఒకే చోట పుట్టినవి కావు. కొన్ని పాత డేటాబేసు నుంచి స్నేక్ కేస్‌లో (మాటల మధ్య అండర్‌స్కోర్‌తో) వచ్చాయి. కొన్నింటిని మొబైల్ యాప్ రాసినవారు క్యామెల్ కేస్‌లో (మాటలను కలిపి, రెండవ మాట నుంచి మొదటి అక్షరం పెద్దబడిలో) పెట్టారు. కొన్నింటిలో హైఫన్లు ఉన్నాయి. ఎక్సెల్ షీట్ల తలవరుసల నుంచి వచ్చినవి మాత్రం ఖాళీలు, బ్రాకెట్లతో సహా ‘సర్వే నంబరు’, ‘విస్తీర్ణం (ఎకరాలు)’ అంటూ నేరుగా తెలుగులోనే ఉన్నాయి. మన లిపిలో పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాల తేడా లేదు కనుక, ఇంగ్లీషు పేర్లలో ఏ అక్షరం పెద్దబడిలో ఉందో ఇక్కడ మాటల్లోనే చెబుతున్నాను.

ప్రస్తుతం నేను అనుసరిస్తున్న పద్ధతి ఇది. చిన్నబడి అక్షరం వెంటనే పెద్దబడి అక్షరం వచ్చిన చోట కొత్త మాట మొదలైనట్లు భావించి అక్కడ అండర్‌స్కోర్ పెడతాను, తరువాత అన్నింటినీ చిన్నబడిలోకి మార్చి స్నేక్ కేస్ రూపాన్ని తయారుచేస్తాను. ఆ రూపం నుంచి గోకు పాస్కల్ కేస్ (మొదటి మాట కూడా పెద్దబడితో మొదలయ్యే క్యామెల్), జావాకు క్యామెల్ కేస్ పేర్లు పుడతాయి, పైథాన్‌కు దానినే ఉంచుతాను. జేసన్‌ను తిరిగి బయటికి రాసేటప్పుడు ఇదే దారిలో వెనక్కి నడిచి అసలు కీని (జేసన్‌లో ఉన్న ఫీల్డు పేరును) పొందవచ్చునని అనుకున్నాను. అది కుదరడం లేదు. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అన్న కీలో మొదటి ఐదు అక్షరాలూ పెద్దబడిలో ఉండడంతో మధ్యలో విరుపు దొరకక మొత్తం ఒకే మాటగా మారిపోతోంది. అడ్రస్, అండర్‌స్కోర్, 2 అని ఉన్న కీ పాస్కల్‌లోకి వెళ్ళి తిరిగి వచ్చేసరికి అండర్‌స్కోర్‌ను పోగొట్టుకుంటోంది. క్లాస్ అన్న కీ పైథాన్‌లోనూ జావాలోనూ కీవర్డు (భాష తనకే కేటాయించుకున్న మాట) కనుక కోడ్ కంపైల్ కావడమే లేదు.

ముందుకూ వెనక్కూ నష్టం లేకుండా నడిచే నియమం ఏదైనా ఉన్నదా? లేకపోతే ఈ పనిని ఎలా అమర్చుకోవాలి? తెలుగు కీల విషయంలో ఏది సరైన దారి? త్వరలో ఇదే స్కీమా నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేసు టేబుళ్ళను కూడా తయారుచేయవలసి ఉంది కనుక, దానిని కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పగలరు.

మొదటి జవాబు

వెనక్కి తెచ్చే నియమం లేదు, ఉండే అవకాశమూ లేదు. కేస్ మార్పిడిలో వేర్వేరు పేర్లు ఒకే రూపంలోకి వచ్చి కలుస్తాయి. యూజర్_ఐడీ అన్న స్నేక్ రూపం వెనుక ఐడీ రెండక్షరాలూ పెద్దబడిలో ఉన్న పేరు ఉండవచ్చు, మొదటిది మాత్రమే పెద్దబడిలో ఉన్న పేరు ఉండవచ్చు, హైఫన్ ఉన్న పేరు కూడా ఉండవచ్చు. కలిసిపోయిన తరువాత వాటిలో ఏది అసలుదో చెప్పే ఆధారం ఆ రూపంలో మిగలదు. రైల్స్‌లోని యాక్టివ్ సపోర్ట్ ఈ సంగతిని తన డాక్యుమెంటేషన్‌లోనే ఒప్పుకుంటుంది: ఎస్ఎస్ఎల్ మూడక్షరాలూ పెద్దబడిలో ఉన్న ‘ఎస్ఎస్ఎల్ ఎర్రర్’ను అండర్‌స్కోర్ రూపంలోకి మార్చి మళ్ళీ క్యామెల్‌కు తెస్తే, మొదటి ఎస్ ఒక్కటే పెద్దబడిలో మిగులుతుంది. ప్రోటోబఫ్ అన్న డేటా ఫార్మాట్‌లో ఫీల్డ్ మాస్క్‌ను (ఫీల్డు పేర్ల జాబితాను) జేసన్‌గా రాసేటప్పుడు పేర్లు స్నేక్ నుంచి క్యామెల్‌కు వెళ్ళి, చదివేటప్పుడు వెనక్కి రావాలి. అందువల్ల అక్కడ అండర్‌స్కోర్ తరువాత అంకె ఉన్న పేరును మార్పిడి అంగీకరించదు. మీ అడ్రస్_2 సమస్య సరిగ్గా ఇదే. అంకెకు పెద్దబడి రూపం లేదు కనుక, విరుపు ఎక్కడ ఉండేదో చెప్పే గుర్తు క్యామెల్‌లో మిగలడానికి వీలు లేదు.

కాబట్టి మీ అమరికలో మార్చవలసిన మొదటి సంగతి వెనక్కి నడిచే ఆలోచననే. అసలు కీని స్కీమా నుంచి చదివిన క్షణంలోనే ఒక అక్షరం కూడా మార్చకుండా దాచుకోండి, జేసన్‌కు సంబంధించిన ప్రతి చోటా దానినే వాడండి. తయారైన కోడ్‌లో కనిపించే పేరు వేరు, తీగ మీద, అంటే జేసన్‌లో, ప్రయాణించే పేరు వేరు. మొదటిది మీరు ఎంచుకోగలిగినది, రెండవది అవతలివారు ఎంచుకున్నది. గోలో జేసన్ ట్యాగు, జావాలో జాక్సన్ వారి జేసన్ ప్రాపర్టీ ఆనొటేషన్, పైథాన్‌లో పైడాంటిక్ అలియాస్ ఇందుకే ఉన్నాయి. ఫీల్డు పేరు నుంచి కీని గుణించే పనిని జాక్సన్ వంటి లైబ్రరీ ఊహకు వదలవద్దు. మొదటి అక్షరం చిన్నబడిలోనూ రెండవది పెద్దబడిలోనూ ఉన్న ఎక్స్ కోఆర్డినేట్ వంటి పేరుకు లాంబాక్ లైబ్రరీ తయారుచేసే గెటర్‌ను (ఫీల్డు విలువను ఇచ్చే మెథడ్‌ను) చూసి జాక్సన్ రెండు అక్షరాలనూ చిన్నబడి చేసేస్తుంది. ఇది చాలామందిని ఇబ్బంది పెట్టిన విషయం.

రెండవ సంగతి, స్నేక్ కేస్‌ను మధ్య రూపంగా వాడడం. మధ్యలో ఉండవలసినది అండర్‌స్కోర్లతో కూడిన స్ట్రింగ్ కాదు, మాటల జాబితా. పేరును ఒకే ఒక్కసారి మాటలుగా విరిచి, ఆ జాబితా నుంచి ఒక్కొక్క భాషకూ విడివిడిగా పేరు కట్టండి; ఒక రూపం నుంచి మరో రూపానికి ఎప్పుడూ వెళ్ళవద్దు. గూగుల్ జావా శైలి మార్గదర్శిని చెప్పే పద్ధతి కూడా మామూలు వాక్యంలో రాసే రూపంతో మొదలై, దానిని మాటలుగా విరిచి, అన్నింటినీ చిన్నబడి చేసి, ఆ తరువాతనే ఏ అక్షరం పెద్దబడిలో ఉండాలో నిర్ణయిస్తుంది. అసలు పేరులోని కేస్‌ను విరుపులు కనిపెట్టడానికి వాడుకుని, ఆ పైన దానిని పూర్తిగా మరిచిపోవడమే ఆ పద్ధతిలోని బలమని నేను భావిస్తాను.

విరిచే నియమానికి ఇంకొకటి చేర్చాలి. పెద్దబడి అక్షరాల వరుస చివర చిన్నబడి అక్షరం వస్తే, విరుపు ఆ వరుసలోని ఆఖరి పెద్దబడి అక్షరానికి ముందు పడాలి. దీనితో ఐఎఫ్ఎస్‌సీ కోడ్, పాన్ నంబర్ రెండూ సరిగ్గా విరుగుతాయి. అయితే ఇదే నియమం ఐపీవీ4 అన్న పేరును (ఐ, పీ పెద్దబడి, వీ చిన్నబడి) ‘ఐ’, ‘పీవీ4’ అని తప్పుగా కోస్తుంది. చివర చిన్నబడి ఎస్ చేరిన బహువచనపు యూఆర్ఎల్‌ను ‘యూఆర్’, ‘ఎల్ఎస్’ అని కోస్తుంది. అన్ని అక్షరాలూ పెద్దబడిలో ఉన్న యూపీఐ ఐడీని ఏ నియమమూ విరవలేదు, ఎందుకంటే అందులో విరుపును సూచించే ఆనవాలే లేదు. ఇక్కడ చేతితో రాసిన పొడి అక్షరాల పట్టిక తప్ప వేరే మార్గం లేదు. మీ రంగంలో కనిపించే ఐఎఫ్ఎస్‌సీ, జీఎస్‌టీఐఎన్, యూపీఐ, పాన్, జీపీఎస్ వంటివి కొన్ని పదులకు మించవు కనుక ఆ పట్టికను రాయడం పెద్ద శ్రమ కాదు, పైగా గో కోడ్‌లో ఐడీ, యూఆర్ఎల్ వంటివాటిని పూర్తిగా పెద్దబడిలో ఉంచాలన్న ఆనవాయితీకి అదే పట్టిక పనికివస్తుంది.

అంకెల విషయంలో ఏదో ఒక నిర్ణయం తీసుకుని దానినే పట్టుకోండి. జావాస్క్రిప్ట్‌లోని లోడాష్ స్నేక్ కేస్ ఎస్‌హెచ్ఏ256ను అంకెల ముందు విరుస్తుంది. రస్ట్‌లోని హెక్ విరవదు. రెండింటిలో ఏదీ తప్పు కాదు, కానీ ఒక భాష జనరేటర్‌లో ఒక లైబ్రరీ, మరొక భాష జనరేటర్‌లో ఇంకొక లైబ్రరీ వాడితే ఒకే స్కీమాకు రెండు రకాల విరుపులు వస్తాయి. విరిచే పని ఒకే చోట జరగాలని చెప్పడానికి ఇది మరొక కారణం.

రెండవ జవాబు

పైన చెప్పినదంతా సమ్మతమే. పేరు కట్టిన తరువాత జరగవలసిన తనిఖీల గురించి కొంత చేరుస్తాను, ఎందుకంటే ‘చెల్లుబాటు అయ్యే ఐడెంటిఫయర్’ (కోడ్‌లో వాడే పేరు) అన్న మాటలో సగం బరువు అక్కడే ఉంది.

కీవర్డుల తనిఖీని అసలు కీ మీద కాకుండా, మార్పిడి పూర్తయిన పేరు మీద చేయాలి. మొదటి అక్షరం పెద్దబడిలో ఉన్న ఇంపోర్ట్ అన్న కీ తనంతట తాను పైథాన్ కీవర్డు కాదు. చిన్నబడిలోకి మారిన తరువాతనే అవుతుంది. పైథాన్‌లో చివర ఒక అండర్‌స్కోర్ చేర్చడం ఆ భాష శైలి మార్గదర్శి పెప్ 8 సూచించిన మార్గం. రస్ట్ అయితే ముందు ఆర్, హాష్ గుర్తు. సీ షార్ప్ అయితే ముందు ఎట్ గుర్తు. కోట్లిన్ అయితే బ్యాక్‌టిక్‌లు. గోలోని 25 కీవర్డులూ చిన్నబడిలోనే మొదలవుతాయి కనుక, ఎక్స్‌పోర్ట్ చేసే ఫీల్డులకు (పెద్దబడితో మొదలై ప్యాకేజీ బయటికి కనిపించేవాటికి) ఈ చిక్కు రాదు. జావాలో మాత్రం కీవర్డుల జాబితాతో పని ముగియదు. క్లాస్ అన్న ఫీల్డుకు అండర్‌స్కోర్ చేర్చినా, గెటర్‌ను అసలు మాట నుంచి కట్టారంటే అది ఆబ్జెక్ట్ క్లాసులో ముందే ఉన్న ఫైనల్ మెథడ్ గెట్‌క్లాస్‌తో ఢీకొంటుంది. కాబట్టి ఒక్కొక్క భాషకు కీవర్డులతోపాటు వారసత్వంగా వచ్చే మెథడ్ పేర్లను కూడా నిషిద్ధ జాబితాలో చేర్చుకోవాలి.

అంకెతో మొదలయ్యే పేర్లకు అండర్‌స్కోర్ ముందు పెట్టడం అందరూ చేసేదే, కానీ గోలో అలా చేస్తే ఫీల్డు ఎక్స్‌పోర్ట్ కాదు. అక్కడ పెద్దబడి అక్షరంతో మొదలయ్యే ముందుమాట ఒకటి కావాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకే టైపులో రెండు కీలు ఒకే పేరుగా మారడం. అప్పుడు రెండవదానికి 2, మూడవదానికి 3 అని అంకెలు తగిలించి ముందుకు సాగే జనరేటర్లు ఉన్నాయి. దయచేసి మీరు అలా చేయవద్దు. స్కీమాలో ఫీల్డుల వరుస మారిన రోజున 2 వేరొక ఫీల్డుకు అంటుకుంటుంది, రెండు ఫీల్డుల రకమూ స్ట్రింగే అయితే కంపైలర్ ఏమీ అనదు, ఒక రైతు తండ్రి పేరు మరొక కాలమ్‌లోకి చేరిన తరువాత కానీ ఎవరికీ తెలియదు. ఢీకొన్న రెండు అసలు కీలనూ, అవి మారిన పేరునూ చూపించి జనరేటర్ ఆగిపోవాలి. వాటికి వేర్వేరు పేర్లు పెట్టవలసినది మనిషి. టైపుల పేర్ల విషయంలో ఇదే తనిఖీని కేస్ పట్టించుకోకుండా చేయండి, ఎందుకంటే విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఫైల్ సిస్టమ్ మామూలుగా పెద్దబడి, చిన్నబడి తేడా చూడదు, కేస్ ఒక్కటే వేరైన రెండు జావా క్లాసుల ఫైళ్ళలో ఒకటి మరొకదానిని తుడిచేస్తుంది.

చిన్న విషయమే అయినా ఇంకొకటి. మీ జనరేటర్ జావాలో రాసినదైతే చిన్నబడి మార్పిడికి లొకేల్ రూట్ (ఏ ఒక్క భాషకూ చెందని అమరిక) తప్పక ఇవ్వండి. టర్కిష్ లొకేల్ ఉన్న యంత్రంలో పెద్దబడి ఐ చిన్నబడిలోకి మారితే చుక్క లేని ఐ వస్తుంది. ఐడీ అన్న మాట అక్కడ వేరే ఐడెంటిఫయర్ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాటల జాబితా, అసలు కీని విడిగా దాచడం రెండూ అమలు చేశాను, ఇంగ్లీషు కీలన్నీ సరిగ్గా వస్తున్నాయి. తెలుగు కీలకు గోలో నేనే పేర్లు పెట్టి, ట్యాగులో ‘విస్తీర్ణం’ అని అసలు కీని ఉంచాను. కోడ్ కంపైల్ అవుతోంది, కానీ జేసన్ చదివిన తరువాత ఆ ఫీల్డు ఖాళీగానే ఉంటోంది. ఎర్రర్ కూడా ఏదీ రావడం లేదు. ట్యాగులోని అక్షరాలను కీతో పోల్చి చూశాను, తేడా ఏమీ లేదు.

మూడవ జవాబు

మీ ట్యాగులో తేడా లేదు. గో ప్రామాణిక జేసన్ ప్యాకేజీ ఆ ట్యాగును పట్టించుకోలేదు. ట్యాగులోని పేరులో యూనికోడ్ అక్షరాలు, అంకెలు, కొన్ని ఆస్కీ విరామచిహ్నాలు మాత్రమే ఉండాలన్నది ఆ ప్యాకేజీ నియమం. యూనికోడ్ లెక్కలో వ, స, త, ర, ణ అక్షరాలే కానీ, గుడి, దీర్ఘం, పొల్లు, సున్న అక్షరాలు కావు, అవి మార్కులు అన్న వేరే వర్గానికి చెందుతాయి. పేరులో ఒక్క మార్కు ఉన్నా ట్యాగు చెల్లనిదై, ప్యాకేజీ నిశ్శబ్దంగా ఫీల్డు పేరునే కీగా తీసుకుంటుంది. ‘ధర’ అన్న కీకి గుణింతం లేదు కనుక అది పనిచేస్తుంది, ‘ఊరు’ పనిచేయదు. పరీక్షకు ‘ధర’ను ఎంచుకున్నవారికి అంతా బాగున్నట్లే కనిపిస్తుంది.

ఐడెంటిఫయర్లలోనూ గో నియమం ఇదే. అక్షరం, అండర్‌స్కోర్, అంకె తప్ప మార్కులకు చోటు లేదు కనుక ‘మండలం’ అన్న వేరియబుల్ పేరు గోలో రాయలేరు. రాయగలిగిన ‘ధర’ కూడా ఎక్స్‌పోర్ట్ కాదు, ఎందుకంటే ఎక్స్‌పోర్ట్‌కు మొదటిది పెద్దబడి అక్షరం కావాలి, మన లిపిలో అది లేదు. పైథాన్ 3, జావా, రస్ట్ (1.53 నుంచి) మార్కులను అనుమతిస్తాయి, అక్కడ ‘విస్తీర్ణం’ పూర్తిగా చెల్లే పేరు. ఒకే లిపి పట్ల భాషలు ఇంత వేరుగా ప్రవర్తిస్తున్నప్పుడు, మూడింటికీ కోడ్ పుట్టించే జనరేటర్ కష్టమైన భాష నియమానికి తలవంచక తప్పదు.

మీ చిక్కుకు పరిష్కారం ఏమిటంటే, తెలుగు కీలు ఉన్న టైపులకు గోలో ట్యాగుల మీద ఆధారపడకుండా, జేసన్ చదివే, రాసే మెథడ్లను కూడా జనరేటర్ చేతనే పుట్టించండి. చదివే మెథడ్ ముందుగా వస్తువును స్ట్రింగ్ కీలు, ముడి విలువలు గల మ్యాపుగా తీసుకుని, ఒక్కొక్క కీని అసలు స్ట్రింగ్‌తో వెతికి ఫీల్డులో నింపాలి. మ్యాపు కీలకు ట్యాగు నియమం వర్తించదు. రాయడానికి కూడా పరీక్షలు పెట్టండి, ఎందుకంటే గో ప్యాకేజీ చదివేటప్పుడు కేస్ తేడాను క్షమిస్తుంది. ట్యాగులో కేస్ తప్పు ఉన్నా చదివే పరీక్ష నెగ్గుతుంది, బయటికి రాసిన కీ మాత్రం అవతలివారికి తప్పుగా చేరుతుంది.

ఇక తెలుగు కీ నుంచి ఇంగ్లీషు ఐడెంటిఫయర్‌ను తనంతట తాను పుట్టించే ఆలోచన ఉంటే, దానిని విరమించుకోమనే చెబుతాను. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో త చిన్నబడి టీ, ట పెద్దబడి టీ. ద చిన్నబడి డీ, డ పెద్దబడి డీ. ల, ళ తేడా కూడా అంతే. అంటే ఆ రాతలో కేస్ శైలికి సంబంధించినది కాదు, ఉచ్చారణనే మోస్తోంది. దానిని మీ విరిచే నియమానికి అప్పగిస్తే మండలంలోని పెద్దబడి డీ దగ్గర కొత్త మాట మొదలైందని అది భావిస్తుంది, ఆ తరువాత అంతా చిన్నబడి చేసి గుంటనూ గుంతనూ ఒకే పేరు చేస్తుంది. భూమి కొలత ఒకటి, మొక్క నాటే గొయ్యి ఒకటి. వ్యవసాయ సర్వేలో రెండూ ఫీల్డులుగా రావడానికి అవకాశం ఉంది. ఐఎస్ఓ 15919 పద్ధతిలో ఆ తేడా అక్షరం కింది చుక్కలో ఉంటుంది, ఆస్కీకి కుదించేటప్పుడు ఆ చుక్కే పోతుంది. తెలుగు కీకి కోడ్‌లో ఏ పేరు ఉండాలో ఆ రంగం తెలిసినవారు ఒక పట్టికలో రాసి పెట్టాలి, పట్టికలో లేని తెలుగు కీ కనిపిస్తే జనరేటర్ ఆగాలి.

పోల్చే ముందు రెండు జాగ్రత్తలు అవసరం. ఐత్వం యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింటుగానూ, ఎత్వం, ఐత్వపు గుర్తు అనే రెండుగానూ రావచ్చు. పట్టికలో వెతికేటప్పుడు రెండు వైపులా ఎన్ఎఫ్‌సీ అన్న ప్రామాణిక యూనికోడ్ రూపంలోకి మార్చి పోల్చండి, తీగ మీద మాత్రం అసలు బైట్లనే ఉంచండి. ‘ఫోన్‌నంబరు’ వంటి మాటల్లో పొల్లు తరువాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. జావా, జావాస్క్రిప్ట్ ఐడెంటిఫయర్లు దానిని అనుమతిస్తాయి, పైథాన్ అనుమతించదు. దానిని తీసివేస్తే పొల్లు పోయి ఒత్తు వస్తుంది కనుక, కీలో దానిని ముట్టుకోకండి.

పోస్ట్‌గ్రెస్‌లో పేరు పొడవు పరిమితి 63 బైట్లు. యూటీఎఫ్ 8లో తెలుగు కోడ్ పాయింటు ఒక్కొక్కటి 3 బైట్లు, గుణింతపు గుర్తులూ పొల్లులూ విడివిడిగా లెక్కకు వస్తాయి, అంటే 21 కోడ్ పాయింట్లు దాటితే పేరును అది కోసి, ఒక నోటీసుతో సరిపెడుతుంది. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టని ఇంగ్లీషు పేర్లను చిన్నబడిలోకి మార్చేస్తుంది కూడా. అక్కడ స్నేక్ కేస్ తప్ప వేరేది ఎంచుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

మ్యాపు పద్ధతితో ‘విస్తీర్ణం’ నిండింది. చాలా ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది: పొడి అక్షరాల పట్టికలో రేపు కొత్తగా ఒక మాట చేరిస్తే, ఇప్పటికే వాడుకలో ఉన్న ఫీల్డుల పేర్లు మారిపోతాయి కదా?

మొదటి జవాబు ఇచ్చినవారు

అవును, మారిపోతాయి, మీ కోడ్‌ను వాడుతున్నవారి కోడ్ విరిగిపోతుంది. అందుకే కట్టిన పేర్లను ప్రతిసారీ కొత్తగా గుణించవద్దు. అసలు కీ, భాష, నిర్ణయమైన పేరు మూడింటినీ ఒక ఫైల్‌లో రాసి గిట్‌లో స్కీమా పక్కనే ఉంచండి. కీ ఆ ఫైల్‌లో ఉంటే జనరేటర్ అందులోని పేరునే వాడాలి. లేకపోతే మాత్రమే నియమాలను నడిపి, వచ్చిన పేరును కొత్త వరుసగా చేర్చాలి. పట్టికలో చేరిన మాట కొత్త కీలకు మాత్రమే వర్తిస్తుంది, పాత పేరును మార్చదలచినవారు ఆ ఫైల్‌లో ఆ వరుసను చేతితోనే దిద్దాలి కనుక ఆ మార్పు సమీక్షలో అందరికీ కనిపిస్తుంది. మూడవ జవాబులో చెప్పిన తెలుగు కీల పట్టికకు వేరే ఫైల్ అక్కర్లేదు. ఆ పేర్లను కూడా ఇందులోనే ముందుగా నింపి పెట్టుకోవచ్చు.